నూట అరవై రెండు కళ్ళు

“సర్దడం కూడా తప్పేనా?” అని అత్తగారు అడగడం అది నాలుగోసారి. మొదటిసారి పొయ్యి దగ్గర అడిగింది. రెండోసారి బట్టలు ఆరేస్తూ అడిగింది. మూడోసారి గోడనడిగింది. ఈసారి నేరుగా వచ్చి కోడలి కుర్చీ వెనకాల నిలబడింది.

“సర్దడం తప్పు కాదత్తయ్యా. చెప్పకుండా సర్దడం తప్పు,” అంది కోడలు, తెర మీంచి చూపు తిప్పకుండా.

“చెప్పి సర్దాలంటే ఈ ఇంట్లో ఒక్క చెంచా కూడా దాని చోటికి చేరదు.”

ఆదివారం ఉదయం పది కావస్తోంది. భోజనాల బల్ల ఒక చివర కంప్యూటరు, రెండో చివర ఇంకా తీయని టీ కప్పులు. తెర మీద నూట అరవై రెండు బూడిదరంగు గళ్ళు, ఒక్కో గడిలో చిన్న ఎర్ర అడ్డగుర్తు. నిన్న సాయంత్రం వరకూ ఆ గళ్ళలో కళ్ళుండేవి.

అత్తగారు తెల్లవారుతూనే లేచి, మనవరాలి ఫోటోలు చూసుకుందామని కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక ఫోల్డరు తెరిచి ఉంది. దాని నిండా కళ్ళ బొమ్మలే. ఒక్కదానికీ సరైన పేరు లేదు. ఒకటి, రెండు, మూడు అంటూ జైల్లో ఖైదీలకిచ్చినట్టు అంకెలు. ఆవిడకు ప్రాణం ఒప్పలేదు. నలుపు, గోధుమ, తేనె, పిల్లికళ్ళు అని నాలుగు కొత్త ఫోల్డర్లు చేసి, ఏ రంగు కన్ను ఆ ఫోల్డరులో పెట్టింది. అంతటితో ఆగకుండా అంకెలు తీసేసి ఒక్కోదానికీ పేరు పెట్టింది. మూడు గంటల పని. పూర్తయ్యాక ఆవిడకు, పప్పుల డబ్బాలన్నీ తుడిచి చీటీలు అంటించినప్పుడు కలిగేలాంటి తృప్తి కలిగింది.

కోడలి ప్రోగ్రాముకు మాత్రం ఆ అంకెలే ఆధారం. ఫలానా ఫోల్డరులో నలభై ఏడో బొమ్మ తెచ్చి చూపించు అంటే చూపిస్తుంది. అక్కడ లేకపోతే పక్కన వెతుక్కునే తెలివి దానికి లేదు.

“పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు, అమ్మ మన సామాన్లని ఏడు అరలు తిప్పుతూ వచ్చింది,” అన్నాడు కొడుకు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అతను. సెలవు రోజు కూడా జేబులో స్క్రూడ్రైవరుంటుంది. “ఇప్పుడు ఎనిమిదో అర దొరికింది.”

“నువ్వు మాట్లాడకు. నీ సాక్సులు ఇప్పటికీ నేనే వెతికిపెడుతున్నాను.”

“దాచేది కూడా నువ్వేగా.”

కోడలికి నవ్వు రాలేదు. మర్నాడు పదకొండు గంటలకు ఆ ప్రోగ్రామును కంటి ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మకు చూపించాలి. వాయిదా అడిగే వీలు లేదు. అడగాల్సిన వాయిదా మూడు వారాల క్రితమే అడిగేశారు.

మామగారు ఆ ఆసుపత్రిలో కృత్రిమ కళ్ళకు రంగులు వేస్తాడు. అందరూ ఆయన్ని కళ్ళ మాస్టారంటారు. ప్రమాదంలోనో జబ్బులోనో ఒక కన్ను పోయినవాళ్ళు వస్తే, ఉన్న కంటిని చూసి, చిన్న నల్లబిళ్ళ మీద దానికి సరిపోయే కనుపాపను వేస్తాడు. తెల్లగుడ్డు మీద సన్నని రక్తనాళాలు కావాలంటే ఎర్ర పట్టుదారాన్ని పోగులు విడదీసి అతికించాలి. ముప్ఫయ్యేళ్ళుగా ఆ దారం విడదీసేది అత్తగారే. వేసిన బిళ్ళను ఆయన ఇంటికి తెచ్చి, వంటింటి కిటికీ వెలుతురులో పట్టుకుని చూసుకుంటాడు. ఏ రంగు ఎన్ని పాళ్ళు కలిపాడో ఒక లావుపాటి పుస్తకంలో రాస్తాడు. ప్రతి రంగుకూ ఒక నమూనా బిళ్ళ సొరుగులో దాస్తాడు. అలా చేరినవి నూట అరవై రెండు. వాటి ఫోటోలే కోడలి ఫోల్డరులోని బొమ్మలు.

రెండేళ్ళుగా ఆయన కళ్ళకే పొర కమ్ముతోంది. శుక్లం పసుపుగా ముదిరింది. దాంతో నీలం సరిగ్గా కనిపించక, సరిపోలేదనుకుని ఇంకాస్త నీలం కలుపుతాడు. ఈ ఆర్నెల్లలో రెండు కళ్ళు వెనక్కి వచ్చాయి. ఆపరేషను చేయించుకోమని డాక్టరమ్మ చెప్పింది, ఇంట్లో అందరూ చెప్పారు. ఆయన ఒప్పుకోలేదు. “నా కన్ను మారిస్తే నా చూపు మారుతుంది. ఆ చూపుతో కలిపితే ఏ రంగొస్తుందో నాకే తెలీదు. నేను మంచం మీదున్న నెలరోజుల్లో ఆసుపత్రిలో నా రంగుల గదికి తాళం వేస్తారు,” అన్నాడు.

తాళం మాట ఉత్తిదేం కాదు. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన కళ్ళు డబ్బాల్లో వస్తాయి, పన్నెండు రంగుల్లో. ఎవరి కన్నయినా ఆ పన్నెండులో ఏదో ఒకదానికి సర్దుకోవాల్సిందే. వాటికి ఆర్డరు కాగితం డాక్టరమ్మ బల్ల మీద సంతకం కోసం సిద్ధంగా ఉంది. కళ్ళ మాస్టారి రంగుల్ని వేరొకరు కూడా కలపగలరని చూపిస్తే ఆ కాగితం చింపేస్తానంది. అందుకే కోడలు ఈ ప్రోగ్రాము మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు ఒక కంపెనీలో కంప్యూటరు పని చేసింది. ఇప్పుడు ఇంట్లోనే ఉండి చిన్న దుకాణాలకు ప్రోగ్రాములు రాసిస్తుంటుంది. వచ్చినవాళ్ళ కంటి ఫోటో ఇస్తే, సొరుగులోని నూట అరవై రెండింటిలో దగ్గరగా ఉన్న మూడింటిని తెర మీద చూపించి, పక్కనే రంగుల పాళ్ళు చెప్పాలి. అంతే.

మూడు వారాల క్రితం ఆసుపత్రి కంప్యూటరులో తెరిస్తే ఒక్క కన్నూ రాలేదు. బొమ్మలు ఇంట్లో ఉండిపోయాయి, ప్రోగ్రాము ఒక్కటే వెళ్ళింది. మన ఇంటి అలమర మూడో అరలో చూడమని చీటీ రాసి, మనిషిని ఇంకొకరింటికి పంపినట్టయింది. డాక్టరమ్మ గడియారం చూసుకుంది.

ఇప్పుడు ఆ సంగతే తల్చుకుంటూ కోడలు నాలుగు ఫోల్డర్లూ తెరిచింది. ప్రోగ్రాము పక్కనే బొమ్మల ఫోల్డరు కూడా పట్టుకెళితే సరిపోతుందని నిన్నటిదాకా అనుకుంది. ఇవాళ పొద్దున్న తెలిసొచ్చింది. ఆసుపత్రిలో మాత్రం సర్దేవాళ్ళుండరా? అక్కడ కూడా ఎవరో ఒక మంచి మనిషి, ఈ కళ్ళేంటి ఇలా పడున్నాయని, తీసి వేరే చోట పెడుతుంది.

“అత్తయ్యా, ఒక రకంగా మీరు మంచిపనే చేశారు,” అంది.

“వెటకారమా?”

“కాదు. బయట పెడితే ఎవరో ఒకరు కదిలిస్తారు. బొమ్మలన్నీ ప్రోగ్రాము లోపలే పెట్టి కుట్టేస్తాను. దిండులో దూదిలాగా. దిండు ఎక్కడికెళితే దూది అక్కడికే.”

అత్తగారు ఆ పోలికను తూకం వేసినట్టు కాసేపు చూసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

ముందు ఏ కన్ను ఎన్నో నంబరో మళ్ళీ పోల్చుకోవాలి. అత్తగారు పెట్టిన పేర్లు చూస్తే కోడలికి మతిపోయింది. ‘పోస్టుమాస్టరు ఎడమ’, ‘కవలల్లో పెద్దది’, ‘గుడ్ల వ్యాపారి’, ‘ఏడుస్తూ వచ్చి నవ్వుతూ పోయినావిడ’. ముప్ఫయ్యేళ్ళుగా కిటికీ దగ్గర చూసిన ప్రతి బిళ్ళా ఎవరిదో ఆవిడకు గుర్తుంది. మామగారి పుస్తకం మొదట్లో కూడా, ఏ నంబరు ఎవరిదో మనిషి గుర్తుతో వరుసగా రాసి ఉంటుంది. కాబట్టి మనవరాలు ఆ వరుసలో గుర్తు చదవడం, ఆవిడ ఆ కన్ను చూపించడం, కోడలు దానికి నంబరు పెట్టి తెర మీద రంగుల పాళ్ళు చదవడం. మధ్యాహ్నానికి ఎనభై దాటాయి.

ఎనభై ఎనిమిదో బొమ్మ దగ్గర అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

“ఏం చదివావు? మళ్ళీ చదువు.”

“ముదురు గోధుమ నాలుగు పాళ్ళు, పసుపు ఒకటి, నలుపు సూదిమొనంత.”

“ఇది లైబ్రరీ ఆవిడ కన్ను. ఆకుపచ్చ ఏది?”

“ఆకుపచ్చ లేదత్తయ్యా ఇందులో.”

“లేకపోవడమేంటి? ఆ ఆకుపచ్చ కుదరక మీ మామయ్య మూడ్రోజులు నిద్రపోలేదు. పక్కనున్న నన్ను పోనివ్వలేదు.”

పుస్తకంలో ఆ పేజీ కోసం చూశారు. ఎనభై ఏడో నంబరు పేజీ తిప్పితే తొంభయ్యో నంబరు వచ్చింది. మనవరాలు గోరుతో అంచు గీకింది. ఎప్పుడో కారిన రంగు ఎండిపోయి రెండు కాగితాలు అంటుకున్నాయి. వేడినీళ్ళ గిన్నె పైన ఆవిరి పట్టి, వెన్నకత్తితో మెల్లిగా విడదీస్తే లోపల ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది ఉన్నాయి. లైబ్రరీ ఆవిడ, ఆవిడ ఆకుపచ్చ, మామగారి అక్షరాల్లో.

కోడలు తెర మీది పాళ్ళను కిందిదాకా జరిపి చూసింది. పేజీ నంబరు చూసుకోకుండా, ఈ రెండింటినీ వదిలేసి వరుసగా ఎక్కించడం వల్ల అక్కణ్ణుంచి ప్రతి కంటికీ రెండిళ్ళ అవతలివాళ్ళ రంగులు పడ్డాయి. చివరి రెండింటికీ పాళ్ళు మిగలకపోతే, మామయ్య రాయడం మర్చిపోయాడేమో అనుకుని ఖాళీగా వదిలేసింది. డెబ్బై మూడు తప్పులు. బొమ్మలన్నీ చక్కగా వచ్చి, రంగులు తప్పు పడి, రేపు ఆసుపత్రిలో పేషంటు కన్ను పక్కన బిళ్ళ పెట్టి చూసేదాకా ఎవరికీ తెలిసేది కాదు. మామగారు చూసి పట్టుకునేవాడేమో గాని, ఆయనకు తెర మీద రంగులన్నీ టీ డికాక్షను పూసినట్టే కనిపిస్తున్నాయి.

“అంకెలు చూస్తూ ఉంటే నాకు తెలిసేది కాదత్తయ్యా.”

“ఇప్పుడైనా ఒప్పుకున్నావు,” అంది అత్తగారు. గొంతులో గెలుపు దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు. టీ కప్పులు తీసిన కొడుకు, కడిగే వంతు ఎవరిదని అడిగితే, ఇవాళ నాది కాదు అని మాత్రం చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి నూట అరవై రెండూ సరైన నంబర్లతో, సరైన పాళ్ళతో కుదిరాయి. కోడలు బొమ్మల జాబితా రాసి, ఒక్కో బొమ్మనూ అంకెల వరుసగా మార్చి ప్రోగ్రాములో కలిపింది. కంప్యూటరు ఫ్యాను ఓ పావుగంట రొద పెట్టింది. చివరికి ఒకే ఒక ఫైలు తయారైంది. నిన్నటి దానికంటే ఇరవై రెట్లు బరువు. తెరిస్తే కళ్ళన్నీ వచ్చాయి. మనవరాలు చప్పట్లు కొట్టింది.

కోడలు మాత్రం కదల్లేదు. మొదటిసారి కూడా ఇంట్లో అన్నీ వచ్చాయి. ఇప్పుడివి లోపల్నుంచి వస్తున్నాయో, పాత అలవాటుకొద్దీ బయట ఫోల్డరులోంచి తెచ్చుకుంటోందో ఎలా తెలుస్తుంది? బయటివి లేకుండా చేసి చూడాలి. తనే తీసి పెడితే ఎక్కడో ఒక కాపీ వదిలేస్తుంది. తన సంగతి తనకు తెలుసు.

“అత్తయ్యా, ఈ బొమ్మలూ, రంగుల పట్టికా, మొత్తం పెన్ డ్రైవులోకి తీసేసి, కంప్యూటరులో ఒక్కటి కూడా మిగలకుండా చేసి, ఆ పెన్ డ్రైవు దాచేయండి. ఎక్కడ దాచారో నాకు కూడా చెప్పొద్దు.”

అత్తగారిని ఏదైనా దాచమని అడిగినవాళ్ళు ఆ ఇంట్లో ఇంతవరకూ లేరు.

“ఆలోచించుకో. అమ్మ దాచిందంటే అమ్మక్కూడా దొరకదు,” అన్నాడు కొడుకు.

ఆవిడ అతన్ని పట్టించుకోలేదు. అందర్నీ వసారాలోకి పంపి తలుపు వేసుకుంది. పది నిమిషాల తర్వాత తలుపు తీసి, చేతులు దులుపుకుంటూ పక్కకు నిలబడింది.

కోడలు ప్రోగ్రాము తెరిచింది. కళ్ళు వచ్చాయి, అన్నీ. లైబ్రరీ ఆవిడ కన్ను నొక్కింది. బొమ్మ పెద్దదైంది. పక్కన రంగుల పాళ్ళు ఉండాల్సిన చోటు తెల్లగా ఉంది. ఇంకోటి నొక్కింది. అదీ అంతే. బొమ్మల్ని లోపల పెట్టి కుట్టింది గాని, రంగుల పట్టికను బయటే మర్చిపోయింది. ఇంట్లో పట్టిక ఉంది కాబట్టి ఇప్పటిదాకా కనబడలేదు. రేపు కనబడేది.

“పట్టిక కావాలత్తయ్యా. పెన్ డ్రైవు ఇవ్వండి.”

అత్తగారు లోపలికెళ్ళింది. వెళ్ళినావిడ రాలేదు. కాసేపటికి అలమర తలుపుల చప్పుడు, తర్వాత డబ్బాల చప్పుడు వినిపించాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆవిడ వంటింటి మధ్యలో నిలబడి ఉంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

అరగంట వెతికారు. కొడుకు స్క్రూడ్రైవరు తీసి రుబ్బే యంత్రం అడుగు కూడా విప్పాడు. మనవరాలు మంచాల కింద దూరింది. అప్పటిదాకా కిటికీ దగ్గర కుర్చీలో, ఈ గొడవేదీ తనది కానట్టు కూర్చున్న మామగారు లేచాడు. నెమ్మదిగా వెళ్ళి, కుట్టుసామాను డబ్బాలోంచి ఎర్ర పట్టుదారం ఉండ తీశాడు. దాన్ని వేళ్ళతో నొక్కి చూసి, కోడలి చేతిలో పెట్టాడు. దారం విప్పితే మధ్యలో పెన్ డ్రైవు.

“ఆవిడ తీసిన దారమే ముప్ఫయ్యేళ్ళుగా పట్టుకుంటున్నాను. ఇవాళ బరువెక్కింది,” అన్నాడు.

ఆ సాయంత్రం పట్టిక కూడా లోపలికి చేరింది. ఈసారి అత్తగారు అన్నీ మళ్ళీ పెన్ డ్రైవులోకి తీసేసి, దాన్ని మెడలో తాడుకి కట్టుకుని వీధి చివరిదాకా నడిచి వెళ్ళింది. ఆవిడ అక్కడ నిలబడి ఉండగా ఇంట్లో ప్రోగ్రాము తెరిస్తే, బొమ్మలూ వచ్చాయి, పాళ్ళూ వచ్చాయి. మనవరాలు వీధిలోకి పరిగెత్తి రెండు చేతులూ ఊపింది.

సోమవారం పదకొండు గంటలకు ఆసుపత్రి రంగుల గదిలో పేషంటు కాకుండా నలుగురున్నారు. కోడలు, మామగారు, డాక్టరమ్మ, పక్కనే ఉన్న పళ్ళ క్లినిక్కులో పళ్ళసెట్లు చేసే ఆవిడ. పేషంటు ఒక టైలరమ్మ, కుడికంటికి కట్టు ఉంది. రంగులు ఎవరు కలపాలో డాక్టరమ్మే తేల్చింది. “పళ్ళసెట్లావిడ కలపాలి. ఆవిడకు అచ్చుపోయడం వచ్చు, రంగులు రావు. మాస్టారు ముట్టుకోకూడదు.”

మామగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

కోడలు పెన్ డ్రైవు ఇవ్వబోతే డాక్టరమ్మ తనే తీసుకుంది. గోడవార ఎవరూ వాడని పాత కంప్యూటరులో పెట్టింది. దానికి ఇంటర్నెట్టు లేదు. ఫైలును దాంట్లోకి ఎక్కించి, పెన్ డ్రైవు పీకేసి, కోటు జేబులో వేసుకుంది.

“బొమ్మలు ఎక్కడున్నాయి ఈసారి?”

“లోపలే ఉన్నాయి మేడమ్.”

“రంగుల పాళ్ళు?”

“అవీ లోపలే.”

డాక్టరమ్మ ఫైలు మీద రెండుసార్లు నొక్కింది. పాత కంప్యూటరు ఊపిరి తీసుకున్నట్టు కాసేపు ఆగింది. తర్వాత పైనుంచి కిందికి ఒక్కో వరుసే నూట అరవై రెండు కళ్ళు తెరుచుకున్నాయి. టైలరమ్మ ఫోటో ఇస్తే వాటిలోంచి మూడు ముందుకొచ్చాయి. మొదటిది నూట పధ్నాలుగు. నిన్న మధ్యాహ్నం వరకూ దాని పక్కన వేరెవరివో పాళ్ళుండేవని కోడలికి గుర్తొచ్చి, కుర్చీ అంచు పట్టుకుంది.

పళ్ళసెట్లావిడ తెర చూస్తూ కలిపింది. లేత గోధుమ మూడు పాళ్ళు, పసుపు ఒకటిన్నర, అంచుకు బూడిదరంగు, నీలం సూదిమొనంత. నీలం దగ్గర మామగారి వేళ్ళు ఒళ్ళో కదిలాయి. ఇంకాస్త పడాలని ఆయన కళ్ళు చెబుతున్నాయి. ఆయన ఆ వేళ్ళను మడిచేసుకున్నాడు. తెర మీదున్నది పదమూడేళ్ళ కిందటి తన చూపు అని ఆయనకు తెలుసు.

నల్లబిళ్ళ మీద రంగు ఆరాక డాక్టరమ్మ దాన్ని పటకారుతో పట్టుకుని, కిటికీ దగ్గర టైలరమ్మ ఎడమకంటి పక్కన పెట్టింది. చాలాసేపు చూసింది. వెలుతురు మార్చి మళ్ళీ చూసింది. తర్వాత అద్దం టైలరమ్మ చేతికిచ్చింది.

టైలరమ్మ దారం రంగులు పోల్చే అలవాటున్న మనిషి. అద్దాన్ని దగ్గరికీ దూరానికీ జరుపుకుంది. “ఒకే రీలు లోంచి తీసినట్టుంది,” అంది.

పళ్ళసెట్లావిడ కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వేసింది. తన చేత్తో ఒక కన్ను అవుతుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. డాక్టరమ్మ నవ్వలేదు గాని, బల్ల మీది ఆర్డరు కాగితం తీసి, రెండుగా చింపి, ఆ రెంటినీ కలిపి మళ్ళీ చింపింది. ఇదే ఫైలు మిగతా రెండు ఊళ్ళలోని మా ఆసుపత్రులకు కూడా పంపవచ్చా అని కోడలిని అడిగింది. “పంపండి మేడమ్. అక్కడ కూడా ఏమీ సర్దక్కర్లేదు,” అంది కోడలు. మామగారు డాక్టరమ్మతో ఒక్క నిమిషం మాట్లాడాలని చెప్పి గదిలోనే ఉండిపోయాడు. కోడలు ఇంటికి నడిచినంత దూరం కాళ్ళు నేలకు ఆనలేదు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీంచి కంప్యూటరు తీసి, చాలా రోజుల తర్వాత ఐదుగురూ ఒకేసారి కూర్చున్నారు. మాటలన్నీ అత్తగారివే. నూట పధ్నాలుగో నంబరు ఎవరిదో తెలుసా అని అడిగి, ఎవరూ చెప్పకముందే తనే చెప్పింది. ఈత నేర్పే మాస్టారిదట. పాళ్ళు తప్పని పట్టుకున్నదెవరో డాక్టరమ్మకు చెప్పావా లేదా అని కోడలిని రెండుసార్లు అడిగింది. చెప్పానత్తయ్యా, మీ పేర్లన్నీ కూడా అంకెల పక్కనే లోపల పెట్టానని చెప్పాను అంటే, ఆవిడ ఇంకో ముద్ద ఎక్కువ తింది. ఇకమీదట అమ్మను బీరువా జోలికి కూడా రానివ్వాలా అని కొడుకు అడిగాడు. మనవరాలు నవ్వి నీళ్ళు ఒలకబోసింది.

మామగారు గుడ్డ తీసుకుని ఒలికిన నీళ్ళు తుడిచాడు. కంచం పక్కకు జరిపాడు.

“గురువారం ఉదయం ఎనిమిదింటికి రమ్మంది డాక్టరమ్మ,” అన్నాడు. “ముందు కుడికన్ను చేయించుకుంటాను. అది కుదుటపడ్డాక ఎడమది.”